వంగని గీత

కంపెనీ తరఫున వచ్చిన కోటాయన స్టూలు అంచు మీద సగం సగంగా కూర్చున్నాడు. మిషనక్క అతని వైపు చూడనైనా లేదు. జాకెట్టు చంకకు కుట్టు వేసుకుపోతూనే ఉంది.

"అమ్మా, మీ తమ్ముడుగారు మా మాట వినడం లేదు. మీరు చెబితే వింటారు. రైలు లైను కాస్త పక్కకి వంచితే చాలు. మా కొత్త టవర్లో మీకో ఇల్లు. లిఫ్టు, ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళు."

"మీ ఛైర్మనుగారి బంగళాలో వంటిల్లు ఎక్కడుందో తెలుసా?"

కోటాయన కోటు గుండీ సర్దుకున్నాడు.

"మా అమ్మ మంచం వాల్చుకునే చోట. వెళ్ళి ఆయన్నే అడగండి."

అందులో అబద్ధం లేదు. బంగళా ఉన్న చోట ఒకప్పుడు వీళ్ళ వీధి ఉండేది. పక్కా ఇళ్ళు కట్టిస్తామని కంపెనీ నమ్మబలికింది. పాత ఇళ్ళు కూల్చేసింది. తర్వాత చుట్టూ గోడ లేపి, లోపల ఛైర్మనుకు బంగళా కట్టుకుంది. ఆ గోడకు ఎదురుగా ఓ అద్దె గదిలో, దాన్ని చూస్తూ చూస్తూనే తల్లి పోయింది. పాత వీధివాళ్ళతోపాటే మిషనక్కా ఆ పక్క వీధిలో ఇల్లు కట్టుకుని కుట్టు మిషను పెట్టుకుంది. తమ్ముణ్ణి చదివించింది. వాడు సర్కారు రైల్వేలో ఇంజనీరయ్యాడు. కొత్త లైను ఎటు పోవాలో చూసే పని వాడిదే.

ఇప్పుడా లైను బంగళా నడినెత్తి మీదుగా పోతోంది. దాంతోపాటే మిషనక్క వీధీ పోతోంది. వీధివాళ్ళకు సర్కారు ఫ్లాట్లిస్తుంది, కాదనలేం. కానీ అవింకా పిల్లర్ల దగ్గరే ఉన్నాయి. అప్పటిదాకా రేకుల షెడ్లే గతి.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా దిగుల్లేదంటారు," అంది ఎదురింటి పిన్ని. "మన వీధిని తప్పించమని నీ తమ్ముణ్ణి అడగవే."

"మన వీధిని తప్పిస్తే బంగళా కూడా తప్పించుకుంటుంది పిన్నీ. నేను చచ్చినా అడగను."

తనకు ఒక కన్ను పోయినా సరే, ఎదుటివాడికి రెండూ పోవాలనుకునే రకం. ఆ మాట మొహం మీదే అంటే, "అవును, అయితే ఏంటట?" అనేది.

ఆమె భయమల్లా తమ్ముడి గురించే. వాడు చిన్నప్పట్నుంచీ మెతక. ఎవరైనా గట్టిగా అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఛైర్మనేమో మంత్రిగారింట్లో మూడు పూటలా తిష్ఠ వేశాడని ఊరంతా చెప్పుకుంటోంది.

ఆ సాయంత్రం తమ్ముడు రాగానే నిలదీసింది.

"వంచుతావా?"

"ఇక వంచేది లేదక్కా."

"మంత్రి చెబితే?"

"వీధిలో జనం ఉన్నంతకాలం ఎవడైనా లైను మార్పించగలడు. జనం షెడ్లకు వెళ్ళిపోయారనుకో, ఇక దాన్ని కదిపే మొనగాడు లేడు. ఉత్తపుణ్యానికి ఇళ్ళు ఖాళీ చేయించారని జనం మీద పడరూ? ఎంత తొందరగా ఖాళీ చేయిస్తే అంత మంచిది."

తమ్ముడి మొహం పీక్కుపోయి ఉంది. తిండి మీద ధ్యాస ఉన్నట్టు లేదు.

"ఆఫీసు సంగతి నువ్వు చూసుకో. వీధిని నాకొదిలెయ్," అంది.

మర్నాటినుంచి మిషనక్క కాలికి బలపం కట్టుకుని గడప గడపా తిరిగింది. బతిమాలింది. తిట్టింది. మొరాయించినవాళ్ళ సామాను తనే నెత్తికెత్తుకుంది. పిన్ని తను పెంచుకున్న నిమ్మచెట్టును పట్టుకుని ఒకటే ఏడుపు.

"చెట్టు మళ్ళీ పెంచుకుంటాం పిన్నీ. వాడి కొంప కూలడం మళ్ళీ చూస్తామా?"

పిన్ని ముక్కు చీదుకుని బయల్దేరింది.

షెడ్లలో పగలు నిప్పుల కొలిమి, వానొస్తే చెరువు. పిల్లలకు ఒళ్ళంతా పొక్కులు. పిన్నికి పట్టుకున్న దగ్గు మళ్ళీ వదల్లేదు. అయినా ఎవరూ నోరెత్తలేదు. అందరి చూపూ బంగళా మీదే.

కంపెనీ కోర్టుకెక్కింది. అన్ని కుటుంబాలు లేచి వెళ్ళగా లేనిది మీకొక్కరికే నొప్పా అన్నాడట జడ్జి.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. ఛైర్మను ఇంటి చెప్పులతోనే గేటు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన కోటాయన, కోటు లేకుండా.

"వంటింటినుంచి మొదలెట్టండయ్యా!" అని గొంతు చించుకుంది మిషనక్క.

గోడ విరిగి పడింది. ఆమె పకపకా నవ్వింది. అంతలోనే భోరుమంది. కడుపులో ఇన్నేళ్ళ మంట చల్లారింది. పిన్ని దగ్గుతూనే చప్పట్లు కొట్టింది.

మిషనక్క తమ్ముడి భుజం పట్టుకుని ఊపేసింది. "చూశావురా! ఇంత ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు ఆ లైను సరిగ్గా వచ్చి వాడి నెత్తినే పడింది. అమ్మ ఉసురు ఊరికే పోతుందా!"

తమ్ముడు బంగళా వైపు చూడలేదు. షెడ్ల వైపు చూశాడు.

"ఉసురు కాదక్కా, నేనే వంచాను, ముందు గీసిన లైను కాలవ అవతల ఖాళీ సర్కారు భూమిలోంచి పోయేది, అక్కడ ఒక్క ఇల్లూ లేదు."