వెలి కాగితం

కమిటీ ఫైలును రెండోసారి కూడా తిప్పి పంపింది. గ్లెండా దాన్ని విసురుగా బల్లమీద పడేసింది. కాలేజీలో చదువు సాయం అర్జీలు చూసే ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషి ఆమె. కమిటీ అంటే ఆమెకు భయం లేదు, ఒళ్ళుమంట మాత్రమే.

"తల్లిదండ్రులు సంతకం పెట్టకపోవడం ఒక కారణం కాదట. నిజంగానే నిన్ను వదిలేశారని బయటివాళ్ళు ఎవరైనా చెప్పాలట."

ఎదురుగా కూర్చున్న లొవీనాకు పందొమ్మిదేళ్ళు. బేకరీలో గిన్నెలు కడుగుతూ నర్సింగు చదువుతోంది. కానీ ఇరవై నాలుగు నిండేదాకా సర్కారు దృష్టిలో ఆమె తల్లిదండ్రుల చాటు బిడ్డే. వాళ్ళ వివరాలు రాసి, వాళ్ళ చేత సంతకం పెట్టిస్తే తప్ప పైసా రాదు. లొవీనా వాళ్ళు ఆమిష్‌వాళ్ళు, కరెంటూ కార్లూ వద్దని పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవులు. సర్కారు సాయం ముట్టుకోరు, సర్కారు కాగితం మీద సంతకం పెట్టరు. పైగా బాప్తిస్మం పుచ్చుకున్నాక చదువంటూ గడప దాటినందుకు సంఘం ఆమెను వెలివేసింది. అర్జీలో తల్లిదండ్రుల గడి ఖాళీగా ఉంది. వచ్చే శుక్రవారంలోగా అది తేలకపోతే చదువు ఆగిపోతుంది.

"వెలి వేసినట్టు మా సంఘం పెద్ద, బిషప్ రాసిస్తే సరిపోతుందా?" అని అడిగింది లొవీనా.

"అంతకంటే ఏం కావాలి? కానీ ఆయన రాస్తాడా?"

"అడగందే ఎలా తెలుస్తుంది? నన్ను తీసుకెళ్ళండి. రాసేదాకా నేను అక్కడినుంచి కదలను."

ఆఫీసువాళ్ళు విద్యార్థుల వెంట ఊళ్ళు తిరగకూడదు. గ్లెండా శనివారం పొద్దున్నే కారు తీసింది.

ఒహాయో పల్లెల్లో మంచు ఇంకా కరగలేదు. లొవీనా దారి చెబుతూ తెల్లటి పెద్ద ఇంటి ముందు ఆపించింది. ముందు తలుపు తట్టకుండా పెరటివైపు నడిచింది. కుక్క మొరగలేదు, తోకాడిస్తూ ఆమె వెనకే వెళ్ళింది. పల్లె కుక్కలకి పౌరుషం ఎక్కడిదిలే అనుకుంది గ్లెండా.

పెరట్లో కొట్టం. అందులో గుర్రపు జీను కుడుతున్నాడు నెరిసిన గడ్డం మనిషి. ఆయనే బిషప్. లొవీనా వచ్చిన పని చెప్పి, తెల్లకాగితం అందించబోయింది. ఆయన చెయ్యి కదల్లేదు. ఆమె దాన్ని బల్లమీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాక, అప్పుడు తీసుకున్నాడు. గ్లెండాకు ఒళ్ళు మండిపోయింది.

"వెలి నిజమే," అన్నాడాయన గ్లెండాతో. "అందరి ముందు పేరు చదివింది నేనే."

"అయితే అదే రాయండి. మీ చెవిమీది పెన్సిల్ చెల్లదు, ఇదుగో పెన్ను."

గ్లెండా చేతిలోంచి పెన్ను మాత్రం మామూలుగానే అందుకున్నాడు. లొవీనా గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన ఒక్కొక్క అక్షరమే దిద్దినట్టు రెండు వాక్యాలు రాశాడు.

"తల్లిదండ్రులు ఏమీ ఇవ్వరని కూడా రాయాలి," అంది గ్లెండా.

పెన్ను ఆగింది. "అది కూడా రాయాలా?"

"అది రాస్తేనే ఈ పిల్ల చదువు నిలబడుతుంది."

ఆయన గుమ్మం వైపు చూసి మళ్ళీ కాగితం వైపు తిరిగాడు. గ్లెండా మళ్ళీ అందుకుంది. ఆ తల్లిదండ్రులు రేపు కాదంటారేమోనని సందేహం ఉంటే ఇప్పుడే చెప్పమంది.

"అనరు. వాళ్ళ మాట నాకు తెలుసు," అని తల వంచుకుని రాశాడు: 'తల్లీ తండ్రీ ఈమెకు ఏమీ ఇవ్వరు. ఈమె చేతినుంచి ఏమీ తీసుకోరు.' కింద 'ఇ. ట్రోయర్, బిషప్' అని సంతకం చేశాడు. లొవీనా కూడా ట్రోయరే. అయినా ఆ చుట్టుపక్కల రాయి విసిరితే ఎవరో ఒక ట్రోయర్‌కే తగులుతుంది.

బిషప్ భార్య వంటింట్లోకి పిలిచింది. గ్లెండాకు పెద్ద బల్ల దగ్గర చోటు చూపించింది. లొవీనాకు జానెడు దూరంలో వేరే చిన్న బల్ల, వేరే గుడ్డ. గ్లెండాకు రొట్టె మధ్యలోంచి మెత్తటి ముక్కలు కోసిపెట్టి, లొవీనా ముందు మాడిన అంచు ముక్క పెట్టింది. దానిమీద మటుకు ఆపిల్ జామ్ దండిగా వేసింది. లొవీనా చివరి తునకదాకా తినేసి, ఖాళీ కంచం ఆ బల్లమీదే వదిలి లేచింది.

కారు కదిలినప్పుడు ఆ ఇద్దరూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నారు.

"గెలిచాం పిల్లా!" అంది గ్లెండా. బిషప్ సంతకాన్ని కాదనే దమ్ము కమిటీకి లేదని, సోమవారమే పని అయిపోతుందని చెప్పింది. "అయినా ఏం మనుషులమ్మా వాళ్ళు! వేరే బల్లా? కుక్కకి వేసినట్టు ఆ మాడు ముక్కా? నువ్వెలా తిన్నావో గానీ నేనైతే మొహాన కొట్టేదాన్ని."

లొవీనా కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

గ్లెండాకు జాలేసింది. "సరేలే. ఇంతదూరం వచ్చాం. మీ అమ్మానాన్నల ఇల్లు దారిలో ఉంటే చూపించు. ఆపనులే, దూరంనుంచే చూస్తాను."

"అక్కడినుంచే వస్తున్నాం గ్లెండా గారూ," అంది లొవీనా. "రొట్టె అంచంటే నాకు ప్రాణమని మా అమ్మకి తెలుసు."