ఆరని లాంతరు

"తలుపు గట్టిగా లాగవే, గాలి లోపలికి కొడుతోంది!"

"లాగాను అమ్మమ్మా. నువ్వు మూవ్ అవకు, ప్లీజ్!"

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఆ ఏప్రిల్ సాయంత్రం సుడిగాలి హెచ్చరిక సైరన్ మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. దీనమ్మకు మొన్ననే ఆపరేషన్ చేసి, డాక్టరు రెండు కళ్లకూ కట్టు కట్టాడు. కూతురు ప్రేమజ్యోతి మందులు తేవడానికి కారేసుకుని వెళ్లింది. టోర్నడో వస్తే కిటికీ లేని చోట కూర్చోవాలని బళ్లో నేర్పారట. ఎనిమిదేళ్ల రూతు అమ్మమ్మను చెయ్యి పట్టుకుని కోట్లు వేలాడదీసే క్లాజెట్‌లోకి తెచ్చి కూర్చోబెట్టింది. పిల్ల చంకలో రేడియో మోగుతూనే ఉంది.

దివిసీమ ఉప్పెన చూసిన మనిషి దీనమ్మ. గాలికి బెదరదు. ఆవిడ బెంగల్లా పిల్ల గురించే. చీకటంటే దానికి హడలు. నిద్రలో లైటు తీసేసినా కెవ్వుమంటుంది.

"లాంతరు తెచ్చుకున్నావా, తల్లీ?"

"తెచ్చాను. హాలోవీన్‌కి కొన్నాం కదా, అది. ఎల్ఫ్‌లు చేసిన లాంప్. ఎప్పుడూ ఆరదు."

"ఎల్ఫులెవరే?"

"అడవిలో ఉంటారు. చెవులు ఇలా పాయింటెడ్‌గా ఉంటాయి. వాళ్ల లాంప్‌కి ఆయిల్ వద్దు, మ్యాజిక్."

"నూనె అడగని దీపమా! మా అత్తగారి రోజుల్లో ఉంటే నా ప్రాణం సుఖపడేది. చుక్క కిరసనాయిలుకు ఎంత సాధించేదో!"

రూతు నవ్వలేదు. ఇల్లంతా కిర్రుమంది. సుడిగాలి వాళ్ల వైపే వస్తోందని రేడియో చెప్పింది.

"వెలుగుందా?"

"ఉంది. నీ గాజు కనిపిస్తోంది." చిన్న చెయ్యి ముందు దీనమ్మ మోకాలిని, తర్వాత మోచేతిని తాకి, చివరికి గాజును తట్టింది. ఆ వేళ్లు మంచులా ఉన్నాయి.

"మిణుకుమిణుకుమంటే చెప్పు. వంటింట్లో కొవ్వొత్తి ఎక్కడుందో నాకు తెలుసు. గోడ పట్టుకుని పోయి తెస్తా."

"అది ఆరదు, అమ్మమ్మా!"

బయట ఏదో ఫెళ్లున విరిగింది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. దీనమ్మ దిగ్గున లేచింది.

"ఆరిపోయింది కదూ? నాకు తెలుసే. ఉండు, కొవ్వొత్తి తెస్తా."

రూతు ఆవిడ నడుము చుట్టేసింది. "నో! వెలుగు చాలా ఉంది! నీ చీర మీద పువ్వులు కూడా కనిపిస్తున్నాయి. కూర్చో అమ్మమ్మా, కూర్చో!"

దీనమ్మ కూలబడిందో లేదో, వంటింట్లో పిడుగు పడ్డట్టు చప్పుడైంది. ఇద్దరూ ఒకరినొకరు కరుచుకుపోయారు. "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది దీనమ్మ.

గాలి మెల్లగా తగ్గింది. కారు ఆగిన చప్పుడు, పరుగు, ప్రేమజ్యోతి కేక. తలుపు తెరుచుకుంది.

"అమ్మా! బతికున్నారా! చెట్టు కొమ్మ కిటికీని పొడుచుకుని పొయ్యి మీద పడింది. వంటిల్లంతా గాజు పెంకులే!"

"మాకేం భయమే? నీ కూతురి దగ్గర ఆరని దీపముందిగా," అంది దీనమ్మ మనవరాలి తల నిమురుతూ. "ఇంతసేపూ ఆ వెలుగులోనే కూర్చున్నాం."

ప్రేమజ్యోతి పిల్ల ఒళ్లోంచి లాంతరు తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"పొద్దునే దీని బ్యాటరీలు తీసి రేడియోలో వేశాను కదమ్మా!"