నాలుగు కాళ్ళ బాతు

ఎక్కడో ఓ చెరువు. ఏటా అడవిబాతులు బారులు తీరి దాని మీదుగా పోయేవేగాని, ఒక్కటీ దిగేది కాదు. వాటి నోట సముద్రం ముచ్చట్లు వినాలని తాబేలవ్వకు ఎంత ఆశో! అందుకే వాటిని ఆపాలని గట్టున ఎడ్లబండంత మట్టిబాతును నిలబెట్టింది, నాలుగు కాళ్ళతో.

“ఇది బాతా, మంచమా అవ్వా?” అని కప్పలు పడీపడీ నవ్వాయి.

“పైన ఎగిరేవాటి కాళ్ళు నాకేం కనబడతాయిరా? నాకున్నన్ని పెట్టాను,” అంది తాబేలవ్వ.

చెరువు పరువు పోతుందని కప్పలు రెండు కాళ్ళు పీకబోతుండగా, ఆకాశంలో ఒకటే కలకలం. బారంతా గిర్రున తిరిగొచ్చి చెరువు నిండా వాలింది.

“ఎన్ని దేశాలు తిరిగాం, నాలుగు కాళ్ళ బాతును ఎక్కడా చూడలేదు,” అంది పెద్దబాతు, బొమ్మ చుట్టూ తిరుగుతూ.

“మా దగ్గరే ఉందండీ, ఇటు నుంచి చూడండి,” అంటూ కప్పలు దారి చూపించాయి.

తాబేలవ్వ మెడంతా బయటికి చాపి పెద్దబాతు పక్కన చేరింది. “సముద్రం ఎంతుంటుంది తల్లీ? మొదట్నుంచి చెప్పు.”