కిటికీ సందు

జమున డ్యూటీ దిగి వచ్చేసరికి వాకిట్లో ఎవరో ముసలమ్మ. చిక్కు వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే మనిషి. జమున కూతురు, ఎనిమిదేళ్ల లహరి చేతులు రెండూ తన చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

జమునకు ఒళ్లు మండింది. దువ్వినప్పుడు రాలిన జుట్టంతా గిన్నెల కోసం తను కిటికీ సందులో దోపి పెడుతోంది. పిడికెడు కాగానే మాయం. గిన్నె ఒక్కటీ రాలేదు.

"ఎంటికలు ఎత్తుకపోతున్నది నువ్వేనా?"

"నేనే బిడ్డా. గని ఒక్క మాట..."

"సిగ్గు లేకుంట ఒప్పుకుంటున్నవా? నడువు!"

"పిల్లను ఒక్కదాన్నే..."

"నా పిల్ల సంగతి నీకెందుకు? మళ్ల ఈ గల్లీల కనబడొద్దు!"

ముసలమ్మ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వేసవి సెలవులు. తండ్రి వీరేందర్ బొగ్గుబాయిలో, జమున బట్టల షాపులో. లహరికి తోడు టీవీ ఒక్కటే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. పెద్దవాళ్లకు అది అలవాటే.

వానలు మొదలయ్యేసరికి లహరి ఓ రోజు కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. ఒకటే వాంతులు. దిష్టి తీశారు, నులిపురుగుల గోలీ వేశారు. తగ్గక దవాఖానకు పరుగెత్తారు.

స్కానింగులో పొట్ట నిండా ఏదో ముద్ద.

డాక్టరు పాప తల నిమిరి, జుట్టు పలచబడిన చోట ఆగాడు.

"పాప వెంట్రుకలు తింటుందా?"

"ఎంటికలు ఎవలన్న తింటరా సార్?"

లహరి మొహం తిప్పుకుంది.

ఆపరేషన్ చేసి నల్లటి వెంట్రుకల ఉండ తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు.

లహరికి మెలకువ వచ్చాక జమున మంచం పక్కన కూర్చుంది.

"ఎందుకు తిన్నవు బిడ్డా?"

"బ్లాస్టింగ్ అయితే ఇల్లు ఊగుతది. ఒక్కదాన్ని భయమైతది. నోట్ల పెట్టుకుంటే భయం పోతది."

"కిటికీ సందులయి గూడ తిన్నవా?"

"తింటుంటే సమ్మవ్వ చూసింది. అప్పటిసంది రోజూ ఆ టైముకే వచ్చి నా చేతులు పట్టుకొని కూసునేది. సందులయి నాకు దొరకకుంట తీసుకపోయేది."

ముసలమ్మకు ఓ పేరుందని జమునకు అప్పుడే తెలిసింది.

"మరి ఆమె నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఎల్లగొట్టిన రోజు, నీకు చెప్పుదామనే వాకిట్ల కూసున్నదమ్మా."