పెట్టె, సంచి, మూడు రోజుల దారి

"ఇనుప పెట్టె పెట్టుకుంటే బండి పడ్డనాడు కాలు దాని కిందనే ఉంటది సారూ. ఆ తర్వాత మీ ఇష్టం," అంది సమ్మక్క, కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండానే.

"సంచి పెట్టుకుంటే మొదటి వానకే బట్టలు పిండుకోవాలె. గది చెప్పవేం?" అన్నాడు బ్రహ్మచారి, సుత్తి పక్కన పెట్టి.

ఫణికుమార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సూరత్‌లోని ఉధ్నాలో ఆ దుకాణం ఒకటే గానీ సరుకు రెండు రకాలు. మొగుడు మోటార్‌సైకిళ్ళకి రేకుతో సైడు పెట్టెలు చేస్తాడు. పెళ్ళాం టార్పాలిన్‌తో సైడు సంచులు కుడుతుంది. రెండోవాళ్ళ సరుకు కొనొద్దని చెప్పడంలో మాత్రం ఇద్దరూ ఇద్దరే.

"పడడం, తడవడం... ఈ రెండేనా దారిలో ఉండేవి?" అంది మనోజ్ఞ, మొగుడి వంక చూస్తూ. "అందుకే చెప్పాను, బండిని పార్సిల్‌లో వేసి మనం ఏసీలో పోదామని. జేబులో పాసు పెట్టుకుని సికింద్రాబాద్‌కి బండి మీద పోతాననే రైల్వే మనిషి ఈయనొక్కరే!"

ఫణికుమార్ నవ్వేశాడు. ఎనిమిదేళ్ళు అర్జీలు పెట్టగా పెట్టగా బదిలీ వచ్చింది. సూరత్ వచ్చిన కొత్తలో కొన్న బండి అది. అప్పట్లో ప్రతి ఆదివారం మనోజ్ఞని వెనక కూర్చోబెట్టుకుని డుమస్ సముద్రానికి తీసుకెళ్ళేవాడు. వేడి వేడి టమాటా భజియా తింటూ, చీకటి పడేదాకా ఇసుకలో కూర్చునేవాళ్ళు. తర్వాత ఓవర్‌టైములు వచ్చాయి, అలకలు వచ్చాయి. ఆమె ఆ బండెక్కి మూడేళ్ళయింది. ఊరు వదిలి వెళ్ళే దారిలోనైనా ఒక్కసారి ఆ రోజులు వెనక్కి రావాలని అతని ఆశ. ఆ మాట పైకి చెప్పడం చేతకాక, సామాను సంగతి తేలితే చూద్దామంటూ ఆమెని ఇక్కడిదాకా లాక్కొచ్చాడు.

"ఎవరి మాట నమ్మాలో మీరే చెప్పండి," అన్నాడు.

సమ్మక్క మిషన్ ఆపింది. "ఇద్దరి మాటా నమ్మున్రి. మేం వచ్చిన దారే గది. పెండ్లయిన కొత్తల ఈయన జగిత్యాల నుంచి నన్ను బండి మీదనే తోల్కొచ్చిండు. మూడు దినాలు."

"మూడు రోజులా!" అంది మనోజ్ఞ.

"ధూలే దాటి ఘాట్ల దిగుతుంటే ఒకటే వాన. ఆగుదామంటే ఇల్లు లేదు, గుడిసె లేదు. రోడ్డు పక్కన పెట్టె దించి దాని మీద ఇద్దరం కూసున్నం. నెత్తి మీద ఒక్కటే ప్లాస్టిక్ కవరు. ఎవలో ముసలామె ఉడకబెట్టిన పల్లీలిచ్చింది. గంత రుచి మళ్ల ఎన్నడు చూడలే."

"అవి సగం నువ్వే తిన్నవ్," అన్నాడు బ్రహ్మచారి.

"తింట మరి. ఆ రాత్రి నవాపూర్‌ల పండుకున్నం. తలకింద సంచే దిండు. పెట్టెనైతే దిండు చేసుకోలేం గద బిడ్డా!"

మనోజ్ఞ నవ్వింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది కూడా. "మరి చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంటే పెట్టె అడ్డం రాలేదూ? కాళ్ళెక్కడ పెట్టుకున్నారు?"

సమ్మక్క చేతిలో దారం ఆగింది. మొగుడి వైపు చూసింది.

"కుడిపక్క పెట్టె, ఎడమపక్క సంచి కట్టిన," అన్నాడు బ్రహ్మచారి. "సంచిని జర వెనక్కి గుంజి కడ్తే కాళ్ళకు జాగ ఉంటది."

"అయితే మాకూ అలాగే కట్టండి," అంది మనోజ్ఞ.

ఫణికుమార్‌కి తన చెవులు తనకే నమ్మబుద్ధి కాలేదు. "మరి పార్సిల్?" అన్నాడు.

"పెట్టెలు, పరుపులు పోతాయి పార్సిల్లో. ఉడికిన పల్లీలు ఏసీలో దొరుకుతాయా?"

గంటలో కుడిపక్క పెట్టె బిగిసింది, ఎడమపక్క సంచి వేలాడింది. డబ్బులిస్తూ ఫణికుమార్ అడిగాడు, "ఇంతకీ మీ బండేది?"

"ఎన్నడో అమ్మినం సారూ," అన్నాడు బ్రహ్మచారి, పానాలు ఏరుకుంటూ.

మనోజ్ఞ ఒక పక్కకి కూర్చుని కొంగు దోపుకుంది. చెయ్యి ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం ఆలోచించి ఫణికుమార్ భుజం మీద వేసింది. అతను గట్టిగా కిక్కు కొట్టాడు.

"పోయినంక ఫోన్ చెయ్యున్రి బిడ్డా!" సమ్మక్క గడప దాకా వచ్చింది. "ఎక్కడ ఆగిన్రు, ఏం తిన్నరు, ఘాట్ల వాన పడ్డదా, అన్నీ చెప్పాలె. మా సరుకు కొన్నోళ్ళంత చెప్తరు. మరువొద్దు."

"మీకు తెలిసిన దారే కదా!" అంది మనోజ్ఞ.

"తెలిసినా మళ్ల వినబుద్ధయితది."

బండి మలుపు తిరిగింది. సమ్మక్క లోపలికి రాలేదు.

"ఇంకేం చూస్తున్నవ్?" అన్నాడు బ్రహ్మచారి.

"ఆమె ఎట్ల కూసున్నదో చూస్తున్న."

బ్రహ్మచారి చేతులు తుడుచుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

సమ్మక్క తన జన్మలో మోటార్‌సైకిల్ ఎక్కలేదు.