కొండగౌరి పరిగెత్తదు

"కొండగౌరి పరిగెత్తదు సార్," అంటూ కృష్ణవేణి కాగితాలను ఎడిటర్ సుబ్రమణ్యం బల్ల మీద విసిరినంత పని చేసింది. "తొమ్మిదేండ్లుగా ఆ పిల్ల బొమ్మ గీస్తాండాను. ఒక్కసారన్నా పరిగెత్తిందేమో చూపించండి."

మదనపల్లెలో అచ్చయ్యే ఆ పిల్లల మాసపత్రికకు కొండగౌరి బొమ్మల కథే ప్రాణం. పదేళ్ల పిల్ల, నడుముకు బిగించిన ఓణీ, చేతిలో కొడవలి. చేలో పడిన ఏనుగు ముందు చెయ్యెత్తి నిలబడి "పో" అందంటే ఏనుగు పోవాల్సిందే. ఆమెను పుట్టించిన రచయిత ఆదెప్ప చూపు మందగించి రాయడం మానేశాడు. కృష్ణవేణి తలనొప్పి అక్కడే మొదలైంది.

కొత్త రచయిత పేరు గంగులప్ప. రామకుప్పం దగ్గర రాగి పండించుకునే రైతు. అంతకుముందు ఒక్క కథ రాసిన పాపాన పోలేదు. కొండగౌరి కథలు ఇకమీదట నేను రాస్తానని తనంతట తానే పత్రికకు ఉత్తరం రాశాడు. ఇంకెవరూ దొరక్క సుబ్రమణ్యం సరేనన్నాడు. మొదటి కథలో గౌరి ఏనుగును చూసి బండ చాటున దాక్కుంది. పోనీలే అనుకుని కృష్ణవేణి గీసింది. రెండోదాంట్లో కేకలేసి ఊరంతటినీ పిలిచింది. పళ్లు బిగబట్టి అదీ గీసింది. మూడోదాంట్లో ఏకంగా కొడవలి పారేసి ఇంటికి పరుగు లంకించుకుంది.

"ఆయన్నే పిలిపించినాను. మీరూ మీరూ తేల్చుకోండి," అన్నాడు సుబ్రమణ్యం. "సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు పోవాల."

గంగులప్ప అప్పుడే లోపలికొచ్చాడు. పొద్దున్నే కుప్పంలో బస్సెక్కి, పుంగనూరులో మారి వచ్చాడట. కృష్ణవేణి ఆయన్ను మంచినీళ్లు కూడా తాగనివ్వలేదు. ఆదెప్ప నోటుపుస్తకం తెరిచి ముందు పెట్టింది. మొదటి పేజీలోనే ఉంది: గౌరి వెనక్కి తిరగదు, ఏడవదు, ఒకరి సాయం అడగదు.

"ఇది సదివినారా అప్పా?"

"నాలుగు తూర్లు సదివినానమ్మా."

"మరి ఎందుకు పరిగెత్తిస్తాండారు?"

"ఏనుగొస్తే పరిగెత్తాల గదమ్మా. మా ఊర్లో మొగోళ్లే ఇరవై మంది కలిసి, డప్పులు కొట్టుకుంటా, టపాకాయలు పేల్సుకుంటా పోతారు. ఒంటిగా ఎవురూ పోరు."

"అది మీ ఊర్లో. ఇది కథ."

ఆయన తల ఊపాడు. అర్థమై ఊపాడో, వినపడిందని ఊపాడో తెలియలేదు. కృష్ణవేణికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా సాయంత్రం ప్రెస్సు గుర్తొచ్చి ఒక మెట్టు దిగింది.

"పోనీ ఇట్ల చేస్తాం. పరిగెత్తినట్టే పరిగెత్తి, సుట్టు తిరిగొచ్చి ఏనుగును ఎనకనుంచి తరుముతాది. సరేనా?"

"వద్దమ్మా. ఇంటికే పోనీ."

"ఇంటికి పోయి ఏం చేస్తాది?"

"తలుపేసుకుంటాది."

"ఆ తర్వాత?"

"సంగటి తింటాది. పండుకుంటాది."

"దీన్ని ఎవురన్నా సాహస కథ అంటారా అప్పా?"

"పొద్దున్నే లేస్తాది గదమ్మా."

సుబ్రమణ్యం నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. కృష్ణవేణికి మాత్రం నవ్వు రాలేదు. తొమ్మిదేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న పిల్లను ఈ పెద్దమనిషి మూడు నెలల్లో పిరికిదాన్ని చేసి కూర్చోబెట్టాడు. ఆమె సొరుగు లాగి పాఠకుల ఉత్తరాల కట్ట బయటికి తీసింది. పైనున్న ఉత్తరాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"ఇది కలికిరి నుంచి వచ్చింది. ఈ పాప బడికి పోయే దావలో కుక్క మీదికొస్తే, గౌరి మాదిరి చెయ్యెత్తి నిలబడిందంట. కుక్క ఎనక్కి పోయిందంట. పిల్లలకు ఆమంటే అంత గురి. అట్లాంటి గౌరి పరిగెత్తితే వీళ్లంతా ఏమనుకుంటారు?"

గంగులప్ప ఒక్కో వరుస కింద వేలు పెట్టుకుంటూ ఉత్తరాన్ని చివరిదాకా చదివాడు. జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు.

"ఈ పాపకు ఎన్నేండ్లమ్మా?"

"తొమ్మిదో పదో. అదంతా ఇప్పుడెందుకు?" కృష్ణవేణి ఓపిక పూర్తిగా అయిపోయింది. "గౌరి గుణం మీకు తెలీదు. మీరు రాసింది నేను గీయను, అంతే. అసలు ఆమె పరిగెత్తాలని మీకెందుకప్పా అంత పట్టుదల?"

"పోయిన కార్తీకంలో మా రాగిసేన్లో ఏనుగు పడినప్పుడు నా మనవరాలు కుసుమ పరిగెత్తలేదమ్మా," అన్నాడు గంగులప్ప. "నేను ఎంత అరిసినా ఇనకుండా, మీ బొమ్మలో మాదిరే చెయ్యెత్తి నిలబడింది."