ఒకే ఇంట్లో ఇద్దరు హిండలు

"పిల్ల పేరు హెలెన్ అన్నావుగా?" అంది బ్రైన, టీ కప్పు కింద పెడుతూ.

"అది బడిలో పేరు వదినా. అసలు పేరు హిండ," అంది హిండ.

బ్రైన నెత్తి కొట్టుకుంది. ఆడపడుచు కదా, ఆ హక్కు ఆమెకుంది. అత్తాకోడళ్ళకు ఒకే పేరు ఉండకూడదని బ్రూక్లిన్‌లో మా యూదుల పేటలో పసిపిల్లనడిగినా చెబుతుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఎవరో గురువు రాసిపెట్టి పోయిన మాట. ఎందుకని అడిగినవాడూ లేడు, కాదన్నవాడూ లేడు.

హిండ కొడుకు జల్మన్‌కు ఇరవై తొమ్మిది నిండాయి. తండ్రి లేని పిల్లాడు. వెనక ఇద్దరు చెల్లెళ్ళు తమ వంతు కోసం కాచుకుని ఉన్నారు. మాలో సంబంధమంటే ముందు వాకబు. శనివారం షబ్బత్ పండుగ భోజనానికి బల్ల మీద పరిచేది గుడ్డా ప్లాస్టిక్కా అన్న దగ్గర్నుంచి, ఇంట్లో ఎవరికైనా రోగమా రొష్టా అన్నదాకా తవ్వుతారు. ఏదో ఒకటి నచ్చదు, అవతలివాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యరు. అలా ఆరేళ్ళలో ముప్పై నాలుగు సంబంధాలు పోయాయి.

ఈసారి అలా కాలేదు. హోటల్ లాబీలో ఒక్కో కోక్ ముందు పెట్టుకుని ఇద్దరూ మూడున్నర గంటలు కూర్చున్నారు. ఏడోసారి కలిసొచ్చాక "అమ్మా, ఇక వెతకొద్దు" అన్నాడు జల్మన్. అప్పటినుంచి వాడికి ఎంతో ఇష్టమైన కూగెల్ వంటకం కూడా సహించడం లేదు.

"ఆ మిసెస్ ఆప్ఫెల్‌కు మతి పోయిందా?" అంది బ్రైన. "నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు కుదురుస్తోంది, అసలు పేరు కనుక్కోకుండా పిల్లను చూపిస్తుందా? ఉండు, దాని సంగతి చెబుతా."

ఫోన్ చేసి చెడామడా కడిగేసింది. మిసెస్ ఆప్ఫెల్ నోటికి ఈ పేటంతా జంకుతుంది. అలాంటి మనిషి ఆ రోజు "నాదే పొరపాటు" అని పెట్టేసింది.

బ్రైన కాస్త చల్లబడింది. "సరేలే, పిల్లనే ఇంకో పేరు కలుపుకోమందాం. అందరూ చేసేదేగా."

"ఇరవై మూడేళ్ళుగా వాళ్ళమ్మ నోరారా పిలుచుకున్న పేరు. మార్చుకోమనడానికి నాకు నోరు రాదు వదినా. నేనే కలుపుకుంటాను."

"నువ్వా? పెద్దవాళ్ళు పేరు మార్చుకునేది చావు మంచం మీద, మృత్యువు ఆనవాలు పట్టకుండా పోతుందని. జనం ఏమనుకుంటారే?"

"కొడుకు పెళ్ళి కోసం అనుకుంటారు," అంది హిండ. సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఆరేళ్ళ సంబంధాల వేట మరి, ఎవరికైనా ఓపిక హరించుకుపోతుంది.

సోమవారం ఉదయం ప్రార్థన మందిరంలో ధర్మగ్రంథం తెరిచి ఉండగా గురువు ప్రకటించాడు. ఈ రోజు నుంచి హిండ పేరు ఆల్టె హిండ. ఆల్టె అంటే ముసలమ్మ. ఆయుష్షు కోసం చదివే పొడుగాటి ప్రార్థన కూడా చదివాడు. అందరూ ఆమెన్ అన్నారు.

తెర వెనక ఆడవాళ్ళ వైపు కూర్చున్న బ్రైన మూతి తిప్పింది. "పేర్లే కరువయ్యాయా? యాభై రెండేళ్ళకే ముసలమ్మవా నువ్వు?"

"ముసలమ్మను కావాలనే ఉంది వదినా."

"నీ పెళ్ళి కాదు కదా, అంత ప్రార్థన దేనికి?"

"ఎలాగూ వచ్చాం కదా."

నెల తిరిగాక నిశ్చితార్థం జరిగింది. ఆనవాయితీ ప్రకారం తల్లులిద్దరూ కలిసి పింగాణీ పళ్ళెం పగలగొట్టారు. అందరూ "మాజల్ తోవ్" అని శుభాకాంక్షలు చెప్పారు. జల్మన్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. చిన్న హిండ వచ్చి పెద్ద హిండ చెయ్యి పట్టుకుంది. "నా కోసం పేరు మార్చుకున్నారటగా అత్తయ్యా, మీ రుణం ఎలా తీర్చుకోను?" అని కళ్ళు తుడుచుకుంది.

మిసెస్ ఆప్ఫెల్ మాత్రం గోడవైపు తిరిగి ఏడుస్తోంది. తను తెచ్చిన సంబంధం కుదిరిన రోజున ఆవిడ కంట నీళ్ళు ఎవరూ చూసి ఎరగరు.

మూడు నెలల కిందట, ఆస్పత్రి రిపోర్టు చేతికొచ్చిన రోజున, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని, కొడుక్కి తన పేరున్న పిల్లనే వెతకమని ఆవిడను బతిమాలింది హిండే.